మంచు రాసిన సర్వీసు రిజిస్టరు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి గారు పది రోజుల క్రితం ఫోను చేసి, "ఏదైనా సైన్సు విషయం చెప్పండి. బీపీ, షుగరు మాత్రం వద్దు. వాటి గురించి మన సభ్యులకు తెలిసినంత డాక్టర్లకు కూడా తెలియదు" అన్నారు. ఆలోచించి మంచు గురించి చెబుదామని నిశ్చయించుకున్నాను. డిసెంబరు చలిలో శాలువాలు కప్పుకుని కూర్చున్న మీ చేత మంచు కబుర్లు వినిపిస్తున్నందుకు ముందుగానే క్షమాపణ కోరుతున్నాను.

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా నీళ్ళ పరీక్షలు చేసే ప్రభుత్వ ప్రయోగశాలలో కెమిస్టుగా పనిచేశాను. ధ్రువాలకు వెళ్ళలేదు. సిమ్లా మంచు కూడా చూడలేదు. అయినా ధ్రువాల మంచులో సీసాన్ని కొలిచిన ఒక పెద్దమనిషి కథ చదివిన రోజున, నా ఉద్యోగంలో జరిగిన ఒక పాత సంగతి గుర్తుకు వచ్చి రాత్రి నిద్ర పట్టలేదు. ఆ కథా, ఈ సంగతీ రెండూ ఇవాళ మీ ముందు పెడతాను.

కొట్టివేతలు లేని రిజిస్టరు

మనందరికీ సర్వీసు రిజిస్టరు అంటే ఏమిటో తెలుసు. చేరిన తేదీ, ఇంక్రిమెంటు, బదిలీ, సెలవు, అన్నీ వరుసగా అందులో ఎక్కుతాయి. అందులో ఒక్క పేజీ తేడా వస్తే పింఛను కాగితాలు ఎన్నాళ్ళు తిరుగుతాయో కూడా మనలో చాలామందికి అనుభవమే.

గ్రీన్‌లాండు, అంటార్కిటికా నడిబొడ్డున పడిన మంచు అటువంటి రిజిస్టరే. అక్కడ ఈ ఏడు పడిన మంచు దాదాపు కరగదు. దాని మీద వచ్చే ఏటి మంచు పడుతుంది. బరువుకు కింది పొర అణగి అణగి గడ్డ కడుతుంది. ఆ ఏడు గాలిలో ఏమేమి తిరిగిందో అదంతా, సముద్రపు ఉప్పు, ఎడారి ధూళి, అగ్నిపర్వతం కక్కిన గంధకామ్లం, ఆ పొరలో చిక్కుకుని ఉండిపోతుంది. 1783లో ఐస్‌లాండులో లాకీ, 1815లో ఇండోనేషియాలో తంబోరా బద్దలైనప్పటి ఆమ్లం మంచులో ఈనాటికీ దొరుకుతుంది. శాస్త్రజ్ఞులకు అవి తేదీ ముద్రల లాంటివి. వాటిని పట్టుకుని పైనుంచి కిందికి సంవత్సరాలు లెక్కపెట్టుకుంటూ పోతారు. ఈ రిజిస్టరులో పై అధికారి చెప్పాడని దిద్దుబాటు చేసే గుమాస్తా లేడు.

కాని చదవడమే కష్టం. ఎందుకంటే అక్షరాలు మరీ చిన్నవి. వెనకటి కాలపు మంచులో సీసం కిలోకు ఒక నానోగ్రాము కూడా ఉండదు. అంటే ఎంత? పదేసి టన్నుల నీళ్ళు పట్టే ట్యాంకర్లు లక్ష వరుసగా నిలబెట్టండి. ఆ లక్ష ట్యాంకర్ల నీళ్ళలో ఒక్క గ్రాము సీసం కలపండి. ఏదో ఒక ట్యాంకరు నుంచి ఒక గ్లాసు నీళ్ళు తీసి, ఇందులో సీసమెంతో చెప్పమంటే ఎలా ఉంటుంది? అదీ పని.

భూమి వయసు వెతుకుతూ సీసం దగ్గరకు

ఈ పని మొదట పట్టుదలగా చేసినవాడు క్లెయిర్ ప్యాటర్సన్ అనే అమెరికన్. 1922లో పుట్టి 1995లో కాలం చేశారు. ఆయన మొదట వెతికింది మంచు కాదు, భూమి వయసు. యురేనియం కాలక్రమాన సీసంగా మారుతుంది గనుక, రాతిలో ఉన్న సీసాన్ని సరిగా కొలిస్తే రాయి వయసు తెలుస్తుంది. 1940ల చివర షికాగోలో విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ కొలత మొదలుపెట్టారు. ఎన్నిసార్లు కొలిచినా అంకె కుదరలేదు. ఉండవలసినదాని కంటే సీసం చాలా ఎక్కువగా వచ్చేది.

మరొకరైతే రాతిని తప్పుపట్టేవారు. ఆయన తనను తాను అనుమానించారు. రాయి లేకుండా ఖాళీ పాత్రతో అదే పరీక్ష చేసి చూశారు. దీన్ని ప్రయోగశాలలో బ్లాంకు అంటాం. నమూనా లేకపోయినా సీసం వచ్చింది! గాజు పాత్రలో, ఆమ్లంలో, కుళాయి నీళ్ళలో, గోడ రంగులో, గదిలో ధూళిలో, ఆఖరికి తన జుట్టులో, చర్మం మీద, అంతటా సీసమే. తర్వాత కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ సంస్థలో ధూళి చొరబడని ప్రత్యేకమైన గదులు కట్టించుకుని, ఆమ్లాలన్నీ స్వయంగా శుద్ధి చేసుకుని, ఉల్కా శకలంలోని సీసాన్ని కొలిచి, 1956లో భూమి వయసు సుమారు 455 కోట్ల సంవత్సరాలని ప్రకటించారు. ఆ అంకె ఈనాటికీ నిలిచి ఉంది.

ఇంకొకరైతే అంతటితో సన్మానాలు చేయించుకుని కూర్చునేవారు. ప్యాటర్సన్‌ను మాత్రం ఒక ప్రశ్న వదలలేదు. నా గదిలోకి ఇంత సీసం ఎక్కడినుంచి వచ్చింది?

సముద్రంలో వెతికితే అడుగు నీటిలో కంటే పై నీటిలో సీసం ఎక్కువగా కనిపించింది. అంటే కొత్తగా పైనుంచి, గాలిలోంచి పడుతోందన్నమాట. గాలిలోకి ఎవరు పోస్తున్నారు? అందుకు జవాబు ప్రతి పెట్రోలు బంకులోనూ ఉంది. ఇంజను కొట్టుకోకుండా ఉండడానికి పెట్రోలులో టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనం కలపడం 1923లో అమెరికాలో మొదలైంది. కార్లు పెరిగాయి, పొగ పెరిగింది, సీసం పెరిగింది.

కంపెనీల తరపు నిపుణులు ఒక మాట అనేవారు: "సీసం అందరి ఒంట్లోనూ ఉంది. కనుక అది సహజం." వినడానికి ఎంత న్యాయంగా ఉంది! ప్యాటర్సన్ 1965లో ఒక వ్యాసంలో దీన్ని ఖండించారు. అందరికీ ఉన్నంత మాత్రాన సహజం కాదు, అందరూ కలుషితమై ఉండవచ్చు అన్నారు. రుజువు కావాలంటే మనిషి పొగ సోకని పాత గాలి కావాలి. ఆ గాలి ఆనవాలు ఎక్కడ ఉంది? మంచు రిజిస్టరులో ఉంది.

ప్లాస్టిక్ దుస్తుల్లో మంచు తవ్వకం

1960ల మధ్యలో ఆయన బృందం గ్రీన్‌లాండులోని క్యాంప్ సెంచరీ ప్రాంతంలోనూ, అంటార్కిటికాలోనూ మంచు తీసింది. ఒంటిమీద ప్లాస్టిక్ దుస్తులు, చేతులకు ప్లాస్టిక్ తొడుగులు, ఆమ్లంలో కడిగిన పనిముట్లు, ఆమ్లంలో కడిగిన పెట్టెలు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు మడి కట్టుకుని ఆవకాయ జాడీలో చెయ్యి పెట్టేవారే, అంతకు వంద రెట్ల మడి అన్నమాట. శిబిరంలో ఇంజన్ల పొగ ఉంటుంది గనుక, దానికి దూరంగా పోయి తవ్వాలి. ముక్కు కారినా, వెంట్రుక రాలినా నమూనా చెడిపోయినట్టే.

తెచ్చిన మంచును కరిగించి కొలిచిన పద్ధతి కూడా చమత్కారమైనదే. ఆడవాళ్ళకు సులభంగా అర్థమవుతుంది. ఒక డబ్బాలో కందిపప్పు ఉంది. ఎన్ని బద్దలున్నాయో లెక్కపెట్టకుండా చెప్పాలి. 100 మినుములు లెక్కపెట్టి అందులో వేసి బాగా కలపండి. గుప్పెడు తీసి చూడండి. ఒక మినుముకు ఇరవై కందిబద్దలు చొప్పున వస్తే, డబ్బాలో రెండు వేల బద్దలున్నాయన్నమాట. కలిపిన తర్వాత కాస్త ఒలికిపోయినా లెక్క మారదు, ఎందుకంటే రెండూ సమంగానే ఒలుకుతాయి. సీసంలో 204, 206, 207, 208 అని నాలుగు ఐసోటోపులున్నాయి. అన్నీ సీసమే, బరువులో తేడా. వాటిలో ఒక రకాన్ని తెలిసినంత కలిపి, మాస్ స్పెక్ట్రోమీటరు అనే యంత్రంలో నిష్పత్తి చూస్తారు. ఎంత సూక్ష్మమైన మోతాదైనా దొరికిపోతుంది.

1969లో మురొజుమి, చౌ, ప్యాటర్సన్ ముగ్గురూ ఫలితాలు ప్రకటించారు. క్రీస్తుకు పూర్వం 800 నాటి గ్రీన్‌లాండు మంచులో కిలోకు ఒక నానోగ్రాము కంటే తక్కువ సీసం. 1965 నాటి మంచులో 200 నానోగ్రాములకు పైగా. రెండు వందల రెట్లు! అందులోనూ ఎక్కువ పెరుగుదల 1940 తర్వాతే. ఇక "సహజం" అన్న మాటకు నిలబడే చోటు లేకపోయింది.

ఈ పనికి ఆయనకేమీ పూలదండలు పడలేదు. చమురు పరిశ్రమ నుంచి వచ్చే పరిశోధన నిధులు అంతకు ముందే ఆగిపోయాయి. 1971లో గాలిలోని సీసం మీద నివేదిక ఇచ్చిన అమెరికా జాతీయ నిపుణుల బృందంలో ఆయనకు స్థానమే ఇవ్వలేదు. ఆ విషయం ఆయన కంటే బాగా తెలిసినవారు లేరు, అయినా పిలవలేదు. ఉద్యోగాలు చేసినవాళ్ళం, ఇది మనకు కొత్తగా చెప్పనక్కరలేదు.

ఆయన మాత్రం తన పరీక్షలను తానే ఇంకా బిగించుకుంటూ పోయారు. లోతైన పాత మంచును యంత్రంతో తొలిచి స్తంభంలా పైకి తీస్తారు. ఆ తొలిచేటప్పుడు వాడే ద్రవంలోని సీసం స్తంభం పైభాగాన్ని పట్టుకుంటుంది. అందుకని 1981లో ఆయనా, ఆయన సహచరుడూ ఆ స్తంభాన్ని ఉల్లిపాయ ఒలిచినట్టు బయటి నుంచి లోపలికి పొరలు పొరలుగా ఒలిచి, ఒక్కొక్క పొరనూ విడిగా కొలిచారు. లోపలికి పోయేకొద్దీ అంకె తగ్గుతూ వచ్చి ఒకచోట నిలిచిపోతే, అప్పుడు నమ్మవచ్చు. తగ్గుతూనే ఉంటే ఆ నమూనా పనికిరాదు. ఎంత నిక్కచ్చి చూడండి!

నా కథ

ఇప్పుడు నా సంగతి చెబుతాను. ఇది మా ఆవిడకు కూడా నిన్న రాత్రే చెప్పాను.

1974 వేసవి. నాకు ఇరవై ఆరేళ్ళు. ఒక పల్లె నుంచి మంచినీళ్ళ బావి నమూనా వచ్చింది. ఆ రోజుల్లో సీసానికి డైథైజోన్ అనే రసాయనంతో పరీక్ష. ఆకుపచ్చని ద్రావణం, సీసం తగిలితే గులాబీ రంగుకు తిరుగుతుంది. నా గొట్టంలో చక్కటి గులాబీ రంగు వచ్చింది. హద్దుకు మించి సీసం ఉందని రిపోర్టు రాశాను. బ్లాంకు చేయలేదు. రోజుకు ఇరవై నమూనాలు, ప్రతిసారీ బ్లాంకు ఎవరు చేస్తారులే అనుకున్నాను. రిపోర్టు పోయింది. బావి మీద ముళ్ళకంప వేశారు. ఆ ఊరి ఆడవాళ్ళు మండుటెండలో రెండు మైళ్ళు నడిచి చెరువు నీళ్ళు తెచ్చుకోసాగారు.

పది రోజుల తర్వాత మా అటెండరు, నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడు, గొట్టాలు కడుగుతూ యథాలాపంగా అన్నాడు: "అయ్యగారూ, ఆ నీళ్ళ బట్టీకి మొన్న చిల్లు పడితే టంకం వేయించాం గదా, అప్పట్నుంచి మీకు అన్నీ గులాబీ రంగే వస్తున్నట్టుందే!"

నా గుండె జారిపోయింది. డిస్టిల్డ్ వాటరు తయారుచేసే బట్టీకి వేసిన టంకంలో సీసం ఉంటుంది. బావి నీళ్ళు లేకుండా ఆ డిస్టిల్డ్ వాటరు ఒక్కటే తీసుకుని పరీక్ష చేశాను. గులాబీ రంగు! సీసం బావిలో లేదు, నా బల్ల మీద ఉంది.

ఆ సాయంత్రమే సవరణ రాయవలసింది. రాయలేదు. మెమో వస్తుందేమో, ఇంక్రిమెంటు ఆగుతుందేమో, నవ్వుతారేమో అని వెనకాడాను. వేరే చోటి నుంచి శుద్ధమైన నీళ్ళు తెప్పించి మళ్ళీ పరీక్ష చేశాను. బావి నీళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. అయినా మనసు ఒప్పుకోలేదు. చివరకు పందొమ్మిది రోజుల తర్వాత సవరణ పంపాను. మెమో రాలేదు, ఎవరూ నవ్వలేదు. ముళ్ళకంప తీసేశారు, అంతే. కాని ఆ పందొమ్మిది రోజులూ ఆ తల్లులు మోసిన బిందెల బరువు నా లెక్కలోనే పడింది. నా సర్వీసు రిజిస్టరులో అది ఎక్కలేదు. నా మనసులో ఎక్కింది.

ఆనాటి నుంచి రిటైరయ్యే వరకు బ్లాంకు లేకుండా ఒక్క రిపోర్టు మీద సంతకం పెట్టలేదు. ప్యాటర్సన్ కథ చదివినప్పుడు నాకు నిద్ర ఎందుకు పట్టలేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఆయన తన చేతికి అంటిన మురికిని ముందు కొలుచుకున్నారు. నేను నా చేతి మురికిని పరుల బావిలో చూశాను.

మంచు చెప్పిన మంచి కబురు

కథ ఇక్కడ ఆగితే మీకు దిగులే మిగులుతుంది. మంచి కబురు కూడా అదే మంచు చెప్పింది. 1970ల నుంచి అమెరికాలో పెట్రోలులో సీసం తగ్గించసాగారు. 1991లో ఫ్రాన్సుకు చెందిన బూత్రాన్ బృందం కొత్త మంచును పరీక్షించి, 1960ల చివరి నుంచి సుమారు ఇరవై ఏళ్ళలో గ్రీన్‌లాండు మంచులో సీసం ఏడున్నర రెట్లు తగ్గిందని తేల్చింది. తప్పు ఎక్కిన రిజిస్టరులోనే సవరణ కూడా ఎక్కింది! ప్యాటర్సన్ కళ్ళారా అది చూసి మరీ వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఈ విద్య ఇంకా పెరిగింది. ఇప్పుడు మంచు స్తంభాన్ని వేడి పలక మీద ఒక కొస నుంచి కరిగిస్తూ, బయటి నీటిని పారబోసి, లోపలి నీటిని మాత్రమే యంత్రానికి పంపుతారు. ఆ విధంగా 2018లో ప్రకటించిన పరిశోధనలో రోమను సామ్రాజ్యపు ఎగుడుదిగుళ్ళు మంచులో కనిపించాయి. వెండి కోసం సీసపు ఖనిజం కరిగించినప్పుడల్లా పొగ గ్రీన్‌లాండు చేరింది. క్రీ.శ. 165లో మహమ్మారి వచ్చి గనులు పడకేసినప్పుడు సీసం తగ్గిపోయింది.

అంటార్కిటికా సంగతి మరీ విచిత్రం. ఒక మనిషి మాట యాసను బట్టి ఇతనిది శ్రీకాకుళమా, చిత్తూరా, కరీంనగరా అని మనం చెబుతాం గదా. అలాగే ఐసోటోపుల నిష్పత్తిని బట్టి సీసం ఏ గని నుంచి వచ్చిందో చెప్పవచ్చు. 2014లో ప్రకటించిన ఫలితాల ప్రకారం అంటార్కిటికా మంచులో 1889 నుంచే పారిశ్రామిక సీసం ఉంది. దాని యాస ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గనిది. అముండ్‌సెన్ దక్షిణ ధ్రువం మీద కాలుమోపింది 1911 డిసెంబరులో. మనిషి దక్షిణ ధ్రువం చేరడానికి ఇరవై రెండేళ్ళు ముందే మనిషి పొగ ఆ ఖండానికి చేరిందన్నమాట!

మన దేశం కూడా ఈ రంగంలో వెనుకబడి లేదు. 1981లో బయలుదేరిన తొలి బృందం మొదలు అంటార్కిటికాకు మనవాళ్ళు వెళుతూనే ఉన్నారు. మైత్రి, భారతి అనే కేంద్రాలున్నాయి. గోవాలోని జాతీయ ధ్రువ పరిశోధన సంస్థలో మంచు స్తంభాలను గడ్డకట్టిన స్థితిలోనే దాచి పరీక్షించే ప్రయోగశాల ఉంది.

మన ఇంటి లెక్క

ఇదంతా మనకెందుకు అంటారా? మనలో చాలామంది 1970, 80లలో స్కూటరు ముందు పిల్లవాణ్ణి నిలబెట్టుకుని, వెనక ఆవిడను కూర్చోబెట్టుకుని ఆబిడ్సులోనో, బెజవాడ బీసెంటు రోడ్డులోనో తిరిగినవాళ్ళమే. ముందు బండి పొగ సరిగ్గా ఆ పసివాడి ముఖానికే తగిలేది. ఆ పెట్రోలులో సీసం ఉందని మనకెవరూ చెప్పలేదు. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకు పరవాలేదు అనదగిన సురక్షితమైన హద్దు కూడా దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో సీసం లేని పెట్రోలు 1995లో మహానగరాలలో మొదలై, 2000లో దేశమంతటా అమలైంది. ప్రపంచంలో ఆఖరి దేశంగా అల్జీరియా 2021లో ఆపింది. ఒక్క మనిషి అనుమానం దగ్గర మొదలైన విషయం, మన మనుమల ఊపిరి దాకా వచ్చింది.

సీసం ఇంకా పూర్తిగా పోలేదు. 2017 నవంబరు నుంచి ఇంటి రంగులలో సీసం పదిలక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని మన దేశంలో నియమం ఉంది. కాని పాత గోడల మీద, పాత తలుపుల మీద ఉన్న రంగు పాతదే. దాన్ని పొడిగా గీకించేటప్పుడు పసిపిల్లలను దగ్గర ఉంచకండి. పాత బ్యాటరీలు ఇంటి దగ్గర విప్పనివ్వకండి. చారు సత్తుగిన్నెలో కాస్తేనే రుచి అనేవారు మన ఇళ్ళలో ఉన్నారు. అది శుద్ధమైన తగరమో, సీసం కలిసినదో కనుక్కుని మరీ వాడండి. పసుపు మరీ మెరిసిపోతుంటే అనుమానించండి, పసుపుకు రంగు కోసం సీసపు సమ్మేళనం కలిపే కల్తీ కూడా ఉంది.

చివరిగా ఒక్క మాట మనవి చేసి ముగిస్తాను. మన వయసులో లోకాన్ని తప్పుపట్టడం తేలిక. కోడలిది తప్పు, కాలానిది తప్పు, ప్రభుత్వానిది తప్పు అంటూ ఉంటాం. కావచ్చు, కాకపోవచ్చు. రిపోర్టు రాసే ముందు ఒక్క బ్లాంకు చేసి చూసుకుందాం. అందులో రంగు వస్తే, పందొమ్మిది రోజులు ఆగకుండా అదే సాయంత్రం సవరణ పంపేద్దాం. నా అటెండరు ఇప్పుడు లేడు. ఆనాడు అతనికి కృతజ్ఞతలు చెప్పలేదు. ఈ సభలో చెప్పుకుంటున్నాను.

నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు ఇవ్వడం మరచిపోయిన వారెవరైనా ఉంటే, భోజనాలకు లేచే ముందే కార్యదర్శి గారిని కలవవలసిందిగా వారు నా చేత చెప్పించమన్నారు. సెలవు.